ఏమైపోయిందని అడక్కండి

పోయిన నెల ఒక శనివారం రాత్రి కొండాపూర్‌లో మా ఫ్లాట్‌లో నలుగురం కూర్చున్నాం. నేను 'ఫేడ్ ఇంటూ యూ' పెట్టాను. పాట అయ్యేదాకా ఎవరూ నోరు మెదపలేదు. మా గుంపులో అది అరుదైన సంగతి. అయ్యాక ఒకడు ఫోన్ తీసి పాడినావిడ పేరు వెతికాడు. హోప్ సాండోవల్. బృందం పేరు మ్యాజీ స్టార్. ఓ నిమిషం స్క్రోల్ చేసి, "ఇంత బాగా పాడింది కదా, తర్వాత ఏమైపోయింది మామా?" అన్నాడు.

ఆ ప్రశ్న మీద కోపంతో ఈ వ్యాసం రాస్తున్నాను. వాడి మీద నాకేం కోపం లేదు. నేనూ ఈ ప్రశ్న చాలామంది గురించి అడిగినవాణ్ణే. మంచి కథ ఒకటి రాసి మూడేళ్ళుగా కనపడని రచయిత గురించి అడిగాను. ఒక్క కవితా సంపుటి వేసి ఊరుకున్న కవి గురించి అడిగాను. మీరూ అడిగే ఉంటారు. వినడానికి అమాయకంగా ఉంటుంది, పైగా ప్రేమగా కూడా ఉంటుంది. కానీ దాని కడుపులో ఒక తీర్పు దాక్కుని ఉంది. కనపడని మనిషికి ఏదో అయి ఉండాలి. ఓడిపోయి ఉండాలి, ఎండిపోయి ఉండాలి, లేదా పెళ్ళి చేసుకుని అమెరికా వెళ్ళిపోయి ఉండాలి. తన పని తను చేసుకుంటూ ఉండి ఉండొచ్చు, మనకి కబురు పెట్టలేదంతే, అన్న ఆలోచన మాత్రం మనకి రాదు.

తమాషా ఏమిటంటే, ఈ వ్యాసం టైప్ చేస్తుంటే నా కీబోర్డు 'మ్యాజీ స్టార్'ని ప్రతిసారీ 'మాజీ స్టార్' అని దిద్దుతోంది. మా వాడి ప్రశ్నలో ఉన్న తీర్పే, దానికి ఒక్క అక్షరం చాలింది.

ముందు లెక్క సరిచేద్దాం. సాండోవల్ 1966లో పుట్టింది. లాస్ ఏంజిలెస్ తూర్పు వైపున, మెక్సికన్ అమెరికన్ కుటుంబంలో పెరిగింది. కుర్రతనంలోనే సిల్వియా గోమెజ్ అనే స్నేహితురాలితో కలిసి 'గోయింగ్ హోమ్' అని ఇద్దరి బృందం పెట్టుకుంది. డేవిడ్ రోబాక్ పరిచయం అలా అయింది. ఆయన అంతకుముందు రెయిన్ పరేడ్‌లో గిటార్ వాయించి, తర్వాత కెండ్రా స్మిత్‌తో కలిసి ఓపల్ అనే బృందం నడుపుతున్నాడు. ఒక టూర్ మధ్యలో స్మిత్ వెళ్ళిపోయింది. ఆ ఖాళీలోకి సాండోవల్ వచ్చింది. ఓపల్ కాస్తా మ్యాజీ స్టార్ అయింది. ఆయన బాణీ, ఈమె మాట, గొంతు. స్థూలంగా అదీ పని విభజన.

1990లో తొలి ఆల్బమ్ 'షీ హ్యాంగ్స్ బ్రైట్‌లీ' రఫ్ ట్రేడ్ అనే ఇండిపెండెంట్ లేబుల్ మీద వచ్చింది. ఆ లేబుల్ అమెరికా శాఖ మూతపడింది. బృందం క్యాపిటల్ అనే పెద్ద కంపెనీ చేతికి వెళ్ళింది. 1993లో 'సో టునైట్ దట్ ఐ మైట్ సీ'. అందులో మొదటి పాటే మేం ఆ రాత్రి విన్నది. మరుసటి ఏడాది అది బిల్‌బోర్డ్ హాట్ 100లో 44వ స్థానం దాకా వెళ్ళింది. ఆల్బమ్ అమెరికాలో ప్లాటినమ్ అయింది, అంటే పది లక్షల కాపీలు. 1996లో 'అమాంగ్ మై స్వాన్'. ఆ తర్వాత క్యాపిటల్‌తో తెగతెంపులు. మళ్ళీ మ్యాజీ స్టార్ పేరుతో ఆల్బమ్ రావడానికి 2013 అయింది. దాని పేరు 'సీజన్స్ ఆఫ్ యువర్ డే'. ఈసారి లేబుల్ వాళ్ళదే. 1996 ఆల్బమ్‌లోని ఒక పాట పేరునే దానికి పెట్టుకున్నారు: 'రైమ్స్ ఆఫ్ యాన్ అవర్'.

1996 నుంచి 2013. పదిహేడేళ్ళు. మా వాడి స్క్రోలింగ్‌లో కంటపడిన గొయ్యి ఇదే. "ఏమైపోయింది" అన్న ప్రశ్న పుట్టిందీ ఇక్కడే.

సరే, ఆ గోతిలోకి దిగి చూద్దాం. 1999లో కెమికల్ బ్రదర్స్ 'సరెండర్' ఆల్బమ్‌లో ఒక పాట పాడింది. 2001లో 'బవేరియన్ ఫ్రూట్ బ్రెడ్' అని పూర్తి ఆల్బమ్ చేసింది, మై బ్లడీ వాలెంటైన్ డ్రమ్మర్ కోల్మ్ ఓ కీసోయిగ్‌తో కలిసి, 'హోప్ సాండోవల్ అండ్ ద వార్మ్ ఇన్వెన్షన్స్' పేరుతో. బ్రిటిష్ జానపద గిటార్‌కి పెద్దదిక్కు లాంటి బర్ట్ జాన్ష్ అందులో వాయించాడు. 2002లో డెత్ ఇన్ వేగస్ కోసం పాడింది. 2009లో 'త్రూ ద డెవిల్ సాఫ్ట్‌లీ', ఇంకో పూర్తి ఆల్బమ్. 2010లో మాసివ్ అటాక్ వాళ్ళ 'పారడైజ్ సర్కస్' పాడింది. బీబీసీ 'లూథర్' సీరియల్ మొదలయ్యేటప్పుడు వినపడేది ఆ పాటే. మీరు ఆ సీరియల్ చూసుంటే ఈమె గొంతు వినే ఉన్నారు. 2011లో మాసివ్ అటాక్, బరియల్ కలిసి చేసిన 'ఫోర్ వాల్స్'లోనూ ఆమే.

ఇదండీ ఆ మహా మౌనం. రెండు ఆల్బమ్‌లు, చెప్పుకోదగ్గ పాటలు ఇంకెన్నో. డేటాబేస్‌లు రాసే నాలాంటి వాళ్ళకి ఈ తప్పు వెంటనే అర్థమవుతుంది. బృందం పేరుని ప్రైమరీ కీ చేసుకుని క్వెరీ రాస్తే పదిహేడేళ్ళు సున్నాలు వస్తాయి. మనిషిని కీ చేసుకుంటే గొయ్యి మాయమైపోతుంది. మనం మౌనం అనుకున్నది చాలావరకు మన క్వెరీలో ఉన్న బగ్గు.

కానీ ఇక్కడితో ఆపేస్తే నేను మోసం చేసినట్టే. "చూశారా, ఆమె ఖాళీగా లేదు, పని చేస్తూనే ఉంది" అని నిరూపించి గెలవడం తేలిక. అప్పుడు నేనూ ఆ ప్రశ్న వేసిన న్యాయస్థానాన్ని ఒప్పుకున్నట్టే కదా. నిజంగానే ఆ పదిహేడేళ్ళూ ఏమీ చేయకుండా తోటపని చేసుకుంటూ కూర్చుంటే మాత్రం ఏమిటంట? 'ఫేడ్ ఇంటూ యూ'లో ఒక స్వరం తగ్గుతుందా?

2020 జూలైలో, కచేరీలన్నీ ఆగిపోయి సంగీతకారులు అద్దెలు కట్టుకోలేకపోతున్న రోజుల్లో, అప్పటి స్పాటిఫై అధిపతి డేనియల్ ఎక్ ఒక ఇంటర్వ్యూ ఇచ్చాడు. మూడు నాలుగేళ్ళకోసారి ఆల్బమ్ చేసి అది చాలనుకుంటే ఇక కుదరదని, శ్రోతలతో ఎప్పుడూ సంబంధం నిలుపుకుంటూ ఉండాలని దాని సారాంశం. చాలామంది సంగీతకారులు మండిపడ్డారు. నాకు ఆ మాటలో కోపం తెప్పించింది దాని కర్కశత్వం కాదు, దాని నిజాయితీ. మిగతావాళ్ళు చెప్పకుండా చేస్తున్నది ఆయన చెప్పి చేశాడు.

మిగతావాళ్ళు అంటే ఎవరో కాదు, నేనే. నేను ఒక ఆడియో యాప్‌లో రికమెండేషన్ టీమ్‌లో పని చేస్తాను. కంపెనీ పేరు అనవసరం, ఇలాంటివి చాలా ఉన్నాయి. మీరు ఒక పాటో కథో విన్నాక దాని కింద ఏది రావాలో తేల్చే కోడ్‌లో కొన్ని వందల లైన్లు నావి. అందులో ఒక కాలమ్ ఉంది: 'చివరి విడుదల నుంచి గడిచిన రోజులు'. రోజులు గడిచేకొద్దీ కళాకారుల విలువ తగ్గుతూ పోతుంది. మా దగ్గర ముప్పై రోజులకు సగమవుతుంది. ఈ ముప్పై అనే అంకె ఏ సంగీతజ్ఞుడూ చెప్పింది కాదు. ఒక మీటింగ్‌లో ఎవరో "ముప్పై పెట్టి చూద్దాం" అన్నారు, ఉండిపోయింది.

ఆ శనివారం తర్వాత సోమవారం, ఆఫీసులో ఊరికే సాండోవల్‌ని ఆ సూత్రంలో వేసి చూశాను. 1996 ఆల్బమ్‌కీ 2013 ఆల్బమ్‌కీ మధ్య ఆరువేల పైచిలుకు రోజులు. ముప్పై రోజులకోసారి సగమయ్యే విలువ రెండొందల సార్లు సగమైంది. తెర మీద దశాంశ బిందువు తర్వాత అరవై దాకా సున్నాలు వచ్చాయి. అంటే మా యంత్రం దృష్టిలో 2013 సెప్టెంబర్‌కి ఆమె చనిపోయి చాలాకాలమైంది. అప్పుడామె ఏం చేస్తోంది? ఆల్బమ్ విడుదల చేస్తోంది. అందులో బర్ట్ జాన్ష్ వాయించిన పాట కూడా ఉంది. ఆయన 2011లో పోయాడు. ఆయన పోయిన రెండేళ్ళకి ఆ గిటార్ బయటికొచ్చింది. ఆగినందువల్ల అది చెడిపోలేదు. సంగీతం పెరుగు కాదు పులిసిపోవడానికి.

ఇక రెండో అపవాదు. ఇది అభిమానుల నుంచే వస్తుంది కాబట్టి ఇంకా చిరాకు. సాండోవల్ 'రహస్యమయి', 'సిగ్గరి', 'అంతుచిక్కని స్త్రీ'. వేదిక మీద దీపాలు దాదాపు ఆర్పేసి పాడుతుంది, జనంతో మాట్లాడదు, ఇంటర్వ్యూల్లో ముక్తసరిగా జవాబులిస్తుంది. నిజమే, వేదిక మీద తనకి ఇబ్బందిగా ఉంటుందని ఆమే చెప్పుకుంది. కానీ రోబాక్ కూడా ఇంటర్వ్యూల్లో అంతే పొదుపుగా మాట్లాడేవాడు. ఆయన మౌనం మీద ఇంత సాహిత్యం పుట్టలేదు. మాట్లాడని మగాడు పనిలో మునిగినవాడు. మాట్లాడని ఆడమనిషికి మాత్రం పొగరో, బెరుకో, ఏదో విషాద గాథో ఉండి తీరాలి.

నాకు కనిపించేది వేరు. లేబుల్ నుంచి బయటికి రావడం ఒక నిర్ణయం. పాత సహచరుడితో పేరు అరగదీసుకోకుండా కొత్త సహచరుడితో కొత్త పేరు పెట్టుకోవడం ఒక నిర్ణయం. ఇంకొకరి ఆల్బమ్‌లో ఒక్క పాట పాడి పక్కకి తప్పుకోవడం ఒక నిర్ణయం. చివరికి సొంత లేబుల్ పెట్టుకోవడం, 2016లో వార్మ్ ఇన్వెన్షన్స్ మూడో ఆల్బమ్ 'అంటిల్ ద హంటర్' కోసం 'టెండ్రిల్ టేల్స్' అని మరొకటి పెట్టుకోవడం కూడా నిర్ణయాలే. బెరుకు మనిషి వరసగా ఇన్ని నిర్ణయాలు తీసుకోదు. దీపాలు ఆర్పడం కూడా వాటిలో ఒకటని ఎందుకు అనుకోకూడదు? చీకట్లో చూడ్డానికి ఏమీ ఉండదు, వినాల్సిందే.

అసలు ఈ సంగీతమే అలాంటిది. డ్రీమ్ పాప్ అనే మాట ఎనభైల చివర్లో ఎ.ఆర్. కేన్ బృందంలోని అలెక్స్ అయూలీ వాడుకలోకి తెచ్చాడని చెప్తారు. అంతకుముందే కాక్‌టో ట్విన్స్‌లో ఎలిజబెత్ ఫ్రేజర్ అర్థం పట్టించుకోకుండా పదాల్ని శబ్దాలుగా పాడుతూ దానికి దారి వేసింది. మన సినిమా పాటల మిక్సింగ్‌లో గొంతు అన్నిటికంటే ముందుంటుంది. హీరో ఎంట్రీలాగ గొంతు ఎంట్రీ. డ్రీమ్ పాప్‌లో గొంతుని వాద్యాల మధ్యకి, కొన్నిసార్లు వెనక్కి జరుపుతారు. చుట్టూ రివర్బ్, అంటే పెద్ద ఖాళీ గదిలో పాడుతున్నట్టు మోత. 'ఫేడ్ ఇంటూ యూ'లో ఉన్నవెంత? నాలుగు కార్డులు, నింపాదిగా జారే స్లైడ్ గిటార్, ఒక టాంబొరిన్, తొందర లేని గొంతు. ఆ గొంతు మన దగ్గరికి రాదు. మనమే నాలుగడుగులు ముందుకేసి వినాలి. అలాంటి పాటలు కట్టుకున్న మనిషిని వారానికి మూడుసార్లు కెమెరా ముందుకొచ్చి "హాయ్ గైస్" అనమనడం, వీణ తెచ్చి మృదంగంలా వాయించమనడం లాంటిది.

ఇప్పుడు నా మీదికి వచ్చే వాదనలు. మొదటిది మా గుంపులోనే వచ్చింది. "అన్నమయ్య రోజుకో సంకీర్తన రాశాడంటారు కదరా. ముప్పై రెండు వేలు. మరి ఆయన కంటెంట్ క్రియేటర్ కాదా?" బాగా పేలింది, నేనూ నవ్వాను. ఇంగ్లిష్ వాళ్ళు సింగర్-సాంగ్‌రైటర్ అని రెండు మాటలు అతికించుకున్నదానికి మనకి వాగ్గేయకారుడని ఒకే మాట ఉంది. ఆ మాట వినగానే గుర్తొచ్చేవాడు రోజుకొకటి రాసినవాడే కాబట్టి వాదన గట్టిదే. కానీ కథ సగమే చెప్పారు. ఆ సంకీర్తనలు రాగిరేకుల మీద చెక్కించి తిరుమల గుడిలో ఒక రాతి అరలో పెట్టారు. అవి మళ్ళీ లోకానికి తెలిసింది 1922లో. నాలుగు వందల ఏళ్ళ పైమాట. మా కంపెనీ సూత్రంలో వేస్తే ఎన్ని సున్నాలొస్తాయో లెక్కపెట్టే ఓపిక నాకు లేదు. ఆయన రోజుకొకటి రాసింది తన లెక్క కోసం, తన దేవుడి కోసం. రాయని రోజున ఆయన రీచ్ పడిపోలేదు. రోజూ రాయాలనిపించినవాళ్ళు రోజూ రాయండి, నాకేం అభ్యంతరం లేదు. రాయనివాళ్ళని శిక్షించే ఏర్పాటు మీదే నా పేచీ.

రెండో వాదన దీనికంటే గట్టిది, దానికి నవ్వి తప్పించుకోలేం. "సాండోవల్ అలా ఉండగలిగిందంటే క్యాపిటల్ డబ్బు పెట్టి ఒక పాటని ప్రపంచమంతా వినిపించింది కాబట్టి. పది లక్షల కాపీలు అమ్ముడుపోయిన మనిషికి మౌనం చవక. ఇవాళ పడగ్గదిలో పాట రికార్డు చేసుకునే పిల్లకి ఆ విలాసం ఎక్కడిది?"

ఒప్పుకుంటాను. ఇండిపెండెంట్ అనే మాటలో పవిత్రత ఏమీ లేదు. ఈమె దారి చూడండి: చిన్న లేబుల్, అది మునిగిపోతే పెద్ద కంపెనీ, అక్కణ్ణుంచి బయటికొచ్చి ఇతరుల లేబుళ్ళు, చివరికి సొంతవి. పెద్ద కంపెనీ మెట్టు లేకపోతే ఈ నిచ్చెన నిలబడేది కాదేమో. 1993 నాటి పాటలు ఆ తర్వాత కూడా వాటంతట అవి తిరుగుతూనే ఉన్నాయి. అదే ఆల్బమ్‌లోని 'ఇంటూ డస్ట్' 2011లో 'గేర్స్ ఆఫ్ వార్ 3' అనే వీడియో గేమ్ ట్రైలర్‌లో వినపడింది. పద్దెనిమిదేళ్ళ తర్వాత. పాతపాట ఇలా ఎక్కడో మళ్ళీ మోగితే దాని హక్కుదారులకి ఎంతో కొంత ముడుతుంది. అలాంటి వెనుకబలం ఉన్న మనిషిని చూపించి, ఏ బలమూ లేని పిల్లతో "నువ్వూ ఇలా ఉండు" అనడం దుర్మార్గమే.

అందుకే నేను ఆ పిల్లకి ఏమీ చెప్పట్లేదు. చెప్పేది మనకి. ఆ రోజుల్లో సీడీ కొన్నవాడు దాన్ని ఒకసారి విన్నా వందసార్లు విన్నా పాటగాళ్ళకి రావాల్సింది ఒకసారి వచ్చేసేది, మనిషి ఇంటికెళ్ళి ఆలోచించుకునేది. ఇప్పుడు స్పాటిఫైలో ముప్పై సెకన్లు వింటే ఒక స్ట్రీమ్. 2024 నుంచి ఇంకో షరతు కూడా వచ్చింది: ఒక ట్రాక్‌కి గడిచిన పన్నెండు నెలల్లో కనీసం వెయ్యి స్ట్రీమ్‌లు లేకపోతే రికార్డింగ్ రాయల్టీ లెక్కలోకే రాదు. అంటే ఈ కాలపు పాటగత్తెకి సాండోవల్‌కున్న నిలవ ధాన్యం లేదు, కానీ ఆమె మీద పడ్డ నింద మాత్రం అంతే బరువుతో ఉంది. ఆగితే తిండి లేదు, ఆగితే పేరూ లేదు. ఇది ఆ అమ్మాయి బలహీనత కాదు, మనం కట్టిన ఇల్లు అలాంటిది. ఇటుకలు మోసినవాళ్ళలో నేనూ ఒకణ్ణి.

ఆ మాట ఊరికే అనట్లేదు. ఇది రాయాలా వద్దా అని చాలా తటపటాయించాను. నాతో ఇంజనీరింగ్ చదివిన ఒక స్నేహితురాలు ఉంది. పేరు వద్దంది, సంగతి రాసుకోమంది. ఉద్యోగం చేసుకుంటూనే తెలుగులో ఆరు పాటలు రాసి బాణీ కట్టుకుంది. బట్టల అలమారా తలుపులు తెరిచి, దుప్పట్లు వేలాడదీసి, వాటి మధ్య మైక్ పెట్టుకుని రికార్డు చేసింది. సినిమా పాటలు కావు, భక్తి పాటలు కావు, జానపదాలూ కావు. లోగొంతుకతో, మనిషి తనలో తను అనుకుంటున్నట్టు ఉండే పాటలు. చిన్నప్పుడు రేడియోలో లలిత సంగీతం విన్నవాళ్ళకి ఆ మెత్తదనం తెలుస్తుంది. నాకు వినిపించినప్పుడు నేను సాండోవల్ పేరు చెప్పాను. తను అప్పటిదాకా ఆ పేరే వినలేదు. విన్నాక రెండు రోజులు ఫోన్ ఎత్తలేదు. మూడో రోజు, "ఇలా కూడా పాడొచ్చని నాకెవరూ చెప్పలేదేంట్రా" అంది.

తర్వాత నేనేం చేశానో వినండి. తనకి సాయం చేస్తున్నాననుకుని ఒక ఎక్సెల్ షీట్ తయారు చేశాను. వారానికి మూడు రీల్స్, ఆరు వారాలకో సింగిల్, ఏ రోజు ఏ గంటకి పెట్టాలి, మొదటి మూడు సెకన్లలో ఏం ఉండాలి, ట్రెండింగ్ ఆడియో మీద కవర్ ఎన్నిటికి ఒకటి. కండిషనల్ ఫార్మాటింగ్‌తో సహా. గడువు దాటితే గడి ఎర్రగా మారుతుంది. నా ఉద్యోగంలో నేర్చుకున్నదంతా అందులో పెట్టాను. ఒక విధంగా చూస్తే నేను చేసిన వాటిలో అన్నిటికంటే శ్రద్ధగా చేసిన షీట్ అదే.

తను నాలుగు నెలలు పాటించింది. ఫాలోయర్లు పెరిగారు కూడా. ఒక ఆదివారం ఫోన్ చేసి, "నాకు పాటలు రావట్లేదురా. పోస్టులే వస్తున్నాయి," అంది. నేను షీట్ చూస్తూ, ఇప్పుడు ఆపితే నాలుగు నెలల మొమెంటమ్ పోతుందని చెప్పాను. అక్షరాలా ఆ మాటే అన్నాను. తను ఆపేసింది. ఆ ఆరు పాటల్లో మూడు ఇంకా బయటికి రాలేదు. ఇది జరిగి రెండేళ్ళు. ఈ రెండేళ్ళలో మా ఇద్దరికీ తెలిసినవాళ్ళు కనీసం పదిమంది నన్ను అడిగారు, "ఆ అమ్మాయి బాగా పాడేది కదా, ఏమైపోయింది?" అని. ఏమైపోయిందో నాకు తెలుసు. ఆ ఎర్ర గళ్ళు నేను గీసినవే.

అందుకే ఆ శనివారం మా వాడు మామూలుగా అడిగిన మాటకి నాకు అంత మండింది.

మనం సాహిత్యం వాళ్ళం, ఈ గొడవ మనకెందుకు అనుకోకండి. వెబ్ పత్రికల పక్కన 'ఎక్కువమంది చదివినవి' అనే డబ్బా చూడండి. ఫేస్‌బుక్‌లో కొత్త పుస్తకం ప్రకటన చూడండి: కవర్ రిలీజ్, ప్రీ ఆర్డర్, ఆవిష్కరణ, మొదటి ఎడిషన్ అయిపోయిందన్న పోస్టు, రెండో ఎడిషన్ పోస్టు. ఈ ఊరేగింపులో పుస్తకం గురించి ఒక్క మంచి వ్యాసం వచ్చేలోపు తర్వాతి పుస్తకం కవర్ రిలీజ్ అయిపోతుంది. ఏ కథకుడు కనిపించినా మనం పలకరించేది ఒకే మాటతో: "ఈ మధ్య ఏం రాయట్లేదా?" ఇంతకుముందు రాసినది చదివావా అని ఎవరైనా మనల్ని ఎదురడిగితే చెప్పడానికి మన దగ్గర ఏముంది?

ఏం చేయాలో కూడా చెప్పకపోతే ఇది ఉత్త రుసరుస అవుతుంది. నాకు తోచినవి చిన్నవే. నచ్చిన పాటగాళ్ళ ఆల్బమ్ కొనండి. బ్యాండ్‌క్యాంప్ లాంటి చోట డిజిటల్ కాపీ కొంటే వాళ్ళు మొదట పట్టుకునే వాటా పదిహేను శాతమే, చెల్లింపుల ఖర్చు పోగా మిగతాది పాట చేసినవాళ్ళకి వెళ్తుంది. ఒక్కసారి కొన్నది, ఆ మనిషి ఒక నెల మాట్లాడకుండా ఉండటానికి మనమిచ్చిన సెలవు అనుకోండి. పాతదాని గురించి రాయండి. రెండేళ్ళ కిందటి కథ, పదేళ్ళ కిందటి ఆల్బమ్, ఎవరూ ట్యాగ్ చేయనివి. సమీక్షకి గడువు తేదీ ఉంటుందని నిజంగా ఎవరూ అనలేదు, మనమే అనుకుంటున్నాం. ఇక నాలాంటి ఇంజనీర్లకి ఒక్క మాట. మీ టేబుల్‌లో కూడా ఆ కాలమ్ ఉండే ఉంటుంది. పేరు వేరుగా ఉండొచ్చు, వెతకండి.

నేను పోయిన వారం మా టీమ్‌లో ఒక ప్రతిపాదన పెట్టాను, ఆ కాలమ్ బరువు తగ్గించాలని. ఎవరూ కొట్టిపారేయలేదు. "ఎ-బి టెస్ట్ చేసి చూద్దాం" అన్నారు. టెస్ట్ గడువు రెండు వారాలు. పదిహేడేళ్ళ సంగతి రెండు వారాల్లో తేలదని నాకు తెలుసు. అయినా పెట్టాను.

రోబాక్ 2020 ఫిబ్రవరిలో చనిపోయాడు. డ్రమ్మర్ కీత్ మిచెల్ అంతకు మూడేళ్ళ ముందే పోయాడు. 2018లో 'స్టిల్' అనే నాలుగు పాటల ఈపీ విడుదల చేసి, అదే ఏడాది సిడ్నీ ఒపేరా హౌస్‌లో కచేరీలు చేశారు. మ్యాజీ స్టార్ పేరుతో మళ్ళీ ఏదైనా వస్తుందా అని ఇప్పుడు అడగడంలో అర్థం లేదు. సాండోవల్ ఇంకో ఆల్బమ్ చేస్తుందా? చేస్తే వింటాను. చేయకపోతే ఉన్నవి వింటాను. నాకు ఆమె బాకీ ఏమీ లేదు.

మొన్న మా వాడు మళ్ళీ వచ్చాడు. "ఆ రోజు పెట్టావు చూడు, ఆవిడవి ఇంకేమైనా ఉన్నాయా?" అన్నాడు. ఈ ప్రశ్న నాకు నచ్చింది. కూర్చోమని, 'అంటిల్ ద హంటర్'లో మొదటి పాట 'ఇంటూ ద ట్రీస్' పెట్టాను. తొమ్మిది నిమిషాలు. నాలుగో నిమిషంలో వాడి చెయ్యి ఫోన్ మీదికి వెళ్ళింది. అక్కడే కాసేపు ఆగి, వెనక్కి వచ్చేసింది.